వేడితో పనిలేని స్థితి మార్పు

నెల్లూరు తీరమున ఇస్కపల్లి ఉప్పుమడులలో ఎండకు నీరు ఆవిరై ఉప్పు స్ఫటికములు ఏర్పడుట మనమెరుగుదుము. పదార్థము స్థితి మారుటకు వేడియే కారణమని తలంతుము. పరమశూన్య ఉష్ణోగ్రత చెంత ఈ తలంపు చాలదు. అచ్చట ఉష్ణచలనము దాదాపు అణగినను, క్వాంటమ్ చలనము ఆగదు. ఆ చలనమునకును, కణముల పరస్పర ప్రభావమునకును గల పోటీలో పైచేయి మారినచో స్థితియు మారును. ఇదియే క్వాంటమ్ స్థితి పరివర్తనము.

2002లో మ్యూనిచ్ శాస్త్రజ్ఞులు లేజరు కాంతిజాలకములోని రుబీడియమ్ పరమాణువులపై కాంతితీవ్రతను పెంచి, అతిద్రవమును కదలని అమరికగా మార్చిరి.

ధ్రువాణువులకు ఒక కొన ధనావేశము, వేరొక కొన ఋణావేశము ఉండును. కనుక అవి దూరము నుండియే ఒకదానినొకటి ప్రభావితము చేయును. అట్టి సోడియమ్-సీజియమ్ అణువులను సుమారు 5 నానోకెల్విన్లకు చల్లార్చి, బోస్-ఐన్‌స్టీన్ స్థితికి తెచ్చినట్లు 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. బోసు మన దేశీయుడు; సోడియము మన ఉప్పులోనిదే. ఇక ఈ పరిశోధనలో మన విద్యార్థులును పాలుపంచుకొనవలెనని మా ఆకాంక్ష.