కార్లు తగిలినప్పుడు తప్పెవరిది? ఇస్లాం చూపే మార్గం

చెన్నై-కలకత్తా రహదారి, బందరు రోడ్డు కలుసుకునే చోటు విజయవాడలోని బెంజ్ సర్కిల్. 2020లో ఒకటి, 2021లో మరొకటి పైవంతెనలు వచ్చినా కింద రద్దీకి కొదవ లేదు. చుట్టుపక్కల దుకాణాల ముందు, ఫంక్షన్ హాళ్ల ఆవరణల్లో కార్లు ఒకదానికొకటి ఆనుకొని నిలుస్తాయి. వలీమా విందు ముగిసి అందరూ ఒక్కసారిగా బయలుదేరారనుకోండి. ఒకాయన కారు వెనక్కి తీస్తారు. ఎదుటి వరుసలో నుంచి మరొకాయన కూడా తీస్తారు. బంపర్ సొట్టపోతుంది, తలుపు మీద గీత పడుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. కాని “తప్పు నీదంటే నీది” అని వాదన మొదలవుతుంది.

నష్టం కొన్ని వేల రూపాయలే కావచ్చు. అయితే ఆ పది నిమిషాల్లో అబద్ధం, దుర్భాష, పరుల సొమ్ము మూడూ మన కర్మల పత్రంలో చేరే ప్రమాదం ఉంది. వెనుక సీట్లో కూర్చున్న పిల్లలు అంతా చూస్తుంటారు. షహీద్‌కు సైతం పాపాలన్నీ మన్నించబడతాయి గాని, అప్పు మాత్రం మిగిలిపోతుందని దైవప్రవక్త (స) తెలిపారు (ముస్లిం). తోటి మనిషి సొత్తుకు మనం చేసిన నష్టం కూడా తీర్చవలసిన బాకీయే.

నష్టపరిహారం ధర్మంలో భాగం

ఒకరి మేకలు రాత్రివేళ మరొకరి చేను మేసిన వ్యాజ్యాన్ని దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించింది (అల్ అంబియా: 78-79). ముఫస్సిర్లు చెప్పిన ప్రకారం, మేకలను చేను యజమానికి ఇచ్చివేయాలని హజ్రత్ దావూద్ (అ) తీర్పు చెప్పారు. హజ్రత్ సులైమాన్ (అ) మరో మార్గం సూచించారు. మేకల కాపరి చేనును పూర్వస్థితికి తెచ్చేవరకు చేను యజమాని ఆ మేకల పాలు, ఉన్ని వాడుకోవాలి, తరువాత ఎవరిది వారికి చేరాలి. పోయినది తిరిగి రావాలి, అవతలివాడు నాశనం కాకూడదు. కనుక ఒక్క సొట్ట పేరు చెప్పి పాత గీతలన్నిటికీ రంగు వేయించుకోవడం హలాల్ కాదు.

దైవప్రవక్త (స) ఇంట ఒకసారి కోపంలో ఒక పాత్ర పగిలింది. ఆయన ఎవరినీ తిట్టలేదు. ముక్కలు ఏరి, పగిలినదానికి బదులు మంచి పాత్రను పంపారు (బుఖారీ).

బాధ్యత ఎవరిది?

ఫిఖహ్ సూత్రం ప్రకారం స్వయంగా నష్టం చేసినవాడు, అంటే ముబాషిర్, ఉద్దేశం లేకున్నా బాధ్యుడే. పరోక్ష కారకుడైన ముతసబ్బిబ్ హద్దు మీరితేనే బాధ్యుడు. ఆగి ఉన్న కారును కదిలే కారు తాకితే సాధారణంగా కదిలిన కారు నడిపినవారిదే బాధ్యత. ఇద్దరూ కదులుతుంటే? అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1993లో బ్రూనైలో వాహన ప్రమాదాలపై తీర్మానం చేసింది. నష్టానికి ఇద్దరి చర్యా కారణమైతే ఎవరి పాలు వారు భరించాలి. పాలు ఇంతని తేలకపోతే సమానంగా భరించాలి. మనలో చాలా తగాదాలు ఈ ఒక్క మాటతో తీరిపోతాయి.

రుజువు, ప్రమాణం

ఆరోపించేవారు రుజువు చూపాలి, నిరాకరించేవారు ప్రమాణం చేయాలి. ఇది షరీఅత్ నియమం. అయితే వాగ్ధాటితో గెలిచినంత మాత్రాన సొమ్ము హలాల్ కాదు. అలా తీసుకున్న పరుల హక్కు నిప్పు ముక్క అని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). “వల్లాహి” అనే మాటను నోటికి వచ్చినట్టు వాడరాదు.

“మనవాడు” కాబట్టి అతని పక్షం వహించడం మరో తప్పు. మదీనాలో ఒక దొంగతనాన్ని నిర్దోషిపై మోపి, బంధువులంతా అసలు దొంగ వైపు నిలిచారు. ఆ నిర్దోషి ఒక యూదుడని పలు తఫ్సీర్లు చెబుతాయి. ఖుర్ఆన్ వచనాలు అవతరించి నిర్దోషిని కాపాడాయి (అన్నిసా: 105-112). కాబట్టి అవతలి కారు హిందూ సోదరునిదైనా, క్రైస్తవునిదైనా సాక్ష్యం మారకూడదు.

ఆచరణలో ఏం చేయాలి?

1. ముందు ఎవరికైనా దెబ్బ తగిలిందా చూడండి. గొంతు పెంచకండి.

2. కార్లు కదపకముందే ఫోనుతో ఫోటోలు తీయండి. బండి నంబర్లు, బీమా వివరాలు రాసుకోండి.

3. వాచ్‌మన్‌ను అడగండి. సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే ఆ రోజే కోరండి.

4. మీ తప్పు మీకు తెలిస్తే ఒప్పుకోండి. తెలియకపోతే “నాకు తెలియదు, చూద్దాం” అనండి. రెండూ నిజాయితీయే.

5. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత కారు మరమ్మతుకు బీమా తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు గనుక, చిన్న మొత్తమైతే చాలామంది షెడ్డు లెక్క చూసి చేతితో ఇచ్చుకుంటారు. బీమా వారికి కథ కల్పించి చెప్పడం మాత్రం అబద్ధమే, మోసమే.

6. తేలకపోతే ఇద్దరికీ నచ్చిన పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టుకోండి. కుదిరిన ఒప్పందాన్ని రాసుకోండి. అప్పటికీ కాకపోతే పోలీసు స్టేషన్, లోక్ అదాలత్ ఉన్నాయి.

హక్కు మనదే అయినా వదిలిపెట్టే అవకాశం ఉంది. క్షమించి సంధి చేసుకున్నవారి ప్రతిఫలం అల్లాహ్ బాధ్యత అని ఖుర్ఆన్ తెలుపుతోంది (అష్షూరా: 40). కాని క్షమించడం నష్టపోయినవారి ఇష్టం. నష్టం చేసినవారు దాన్ని డిమాండ్ చేయలేరు. వారు చేయవలసింది బాకీ తీర్చడమే. మన నాలుకలనూ సంపాదననూ ఇతరుల హక్కుల నుండి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.