ఒక్కరికే కదా!

2020 మార్చి 25, ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. బందరు పరాసుపేటలో మా ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మా ఆవిడ అమ్మాయి పురుటికని హైదరాబాద్ వెళ్లింది. 22న రైళ్లు ఆగిపోయాయి, వాటి వెనకే బస్సులూ ఆగిపోయాయి. ఆవిడ అక్కడ, నేనిక్కడ. వీధి చివర వేపచెట్టు విరగబూసి ఉంది. పెరట్లో మామిడికాయలు చేతికందుతున్నాయి. కొత్త చింతపండు, బెల్లం వంటింట్లోనే ఉన్నాయి. పచ్చడి కలపడానికి పావుగంట చాలు. అయినా చెయ్యలేదు. ‘ఒక్కడికే కదా’ అనుకున్నాను.

పది దాటాక పక్కింటి పిన్నిగారు పిట్టగోడ అవతల నుంచి పిలిచారు. ముక్కుకీ నోటికీ చీరకొంగు చుట్టుకుని, గోడ మీద ఒక స్టీలు గ్లాసు పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

“పచ్చడి తిన్నావా నాయనా?”

“ఒక్కణ్ణే కదా పిన్నిగారూ, ఇంకేం చేసుకుంటాను.”

“నేనూ ఒక్కదాన్నే. అయితే మాత్రం? పండగ మనుషుల్ని లెక్కపెట్టుకుని ఇంటికొస్తుందా?”

ఆవిడకి అప్పటికి డెబ్బై ఏళ్లు. పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటారు. ఆ గ్లాసు కడిగి మళ్లీ గోడ మీద పెడుతుంటే ఒక సంగతి తట్టింది. నాలుగు రోజుల్లో ‘ఒక్కడికే కదా’ అంటూ నేను వదిలేసినవి చాలా ఉన్నాయి. పొద్దున టిఫిన్ మానేసి బిస్కట్లు తిన్నాను. కంచం పెట్టుకోకుండా గిన్నెలోనే కలుపుకున్నాను. పక్క ఎత్తలేదు, గడ్డం గీసుకోలేదు. స్నానం మధ్యాహ్నానికి జరిగింది, ఆ తర్వాత సాయంత్రానికి జరిగింది. వినడానికి ఆ మాట ఎంతో పొదుపుగా ఉంటుంది. కానీ ఇంటి దూలానికి చెద పట్టినట్టు, అది మనిషికి లోపల్నుంచి పట్టుకుంటుంది. ఒంటరిగా ఉన్నవాళ్లని కుంగదీసేది ఒంటరితనం కంటే ఎక్కువగా ఈ మాటేనని నా గట్టి నమ్మకం.

అప్పటి చిరాకులు ఎంత చిన్నవో చూడండి. పొద్దున కొద్ది గంటలే కొట్లు తెరిచేవారు. ముగ్గుపిండితో గీసిన గడుల్లో ఒక్కో అడుగూ జరిగి, సరుకులు తెచ్చుకుని, ఇంటికొచ్చి సంచి దులిపితే జీలకర్ర లేదు. మళ్లీ రేపటిదాకా ఆగాలి. చిన్న సొరకాయ దొరకదు, పెద్దది తెస్తే నాలుగు పూటలూ సొరకాయే. పోపు చిటపటలాడే సమయానికి గ్యాస్ అయిపోతుంది. సాయంత్రం ఆరైతే దోమలు. మామూలు రోజుల్లో వీటిని ఎవరు పట్టించుకుంటారు? ఇంట్లో ఇంకో మనిషి ఉంటే “చూశావా, గ్యాస్ మళ్లీ అయిపోయింది” అంటాం. ఆ మనిషి “అయ్యో” అంటుంది, లేదా “నేను నిన్ననే చెప్పాగా” అని విసుక్కుంటుంది. ఏదన్నా సరే, చిరాకు అక్కడితో దిగిపోతుంది. “చూశావా” అనడానికి ఎవరూ లేనప్పుడు అది రాత్రి దాకా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. పొద్దున గ్యాస్ మీద మొదలైన కోపం పడుకునే వేళకి తోడబుట్టినవాళ్ల మీదకీ, ఇరవయ్యేళ్ల కిందటి పంపకాల మీదకీ వెళ్లిపోతుంది.

అందుకే చెబుతున్నాను, ఆ ‘చూశావా’ని కాగితం మీద పెట్టండి. మా ఊరికి ఈ పద్ధతి కొత్తది కాదు. బందరులో వైద్యం చేసి, 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు స్థాపించిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిని 1942 ఆగస్టులో అరెస్టు చేసి, నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. అక్కడ ఆయన డైరీ రాశారు. అది 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అనే పుస్తకంగా వచ్చింది. అదే కోటలో నెహ్రూ 1944లో ఐదు నెలల్లో ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాశారు. వాళ్ల జైలుకీ మన లాక్‌డౌన్‌కీ పోలిక పెట్టడం తప్పే. వాళ్లు దేశం కోసం వెళ్లారు. కానీ గోడల మధ్య పొద్దుపోని మనిషి కలం పట్టుకుంటే ఏమవుతుందో వాళ్లని చూసి నేర్చుకోవచ్చు.

నేను రాసింది పుస్తకాలకెక్కే రాత కాదు. తారీఖు వేసి ఆ రోజు చిరాకు ఒక లైను, రేపు దానికి ఏం చెయ్యాలో ఒక లైను. అంతే. పది రోజులయ్యాక తిరగేస్తే ఆశ్చర్యమేసింది. రోజుకొకటి కొత్తగా వస్తున్నట్టనిపించిన బాధలన్నీ నిజానికి మూడే: సరుకులు మర్చిపోవడం, నీళ్ల మోటారు, హైదరాబాద్ నుంచి ఫోన్ ఆలస్యం కావడం. జేబులో చీటీ పెట్టుకున్నాను, మొదటిది పోయింది. మోటారు ఎప్పుడు వెయ్యాలో గోడ మీద రాసుకున్నాను, రెండోది సగం పోయింది. మూడోదానికి మా ఆవిడతో మాట్లాడి రాత్రి ఏడున్నర అని ఖాయం చేసుకున్నాం. ఫోన్ ఎప్పుడొస్తుందో తెలిస్తే ఎదురుచూపు కూడా ఒక పనిలా ఉంటుంది. తెలియకపోతే అదే శిక్ష.

మూడో వారంలో ఒక రాత్రి పెరుగంతా ఊడ్చుకుని తినేశాను. పాలు కాచి గోరువెచ్చగా చల్లార్చాక గుర్తొచ్చింది, తోడు పెట్టడానికి చెంచాడు కూడా మిగల్చలేదని. నలభై ఏళ్లుగా పెరుగన్నం తింటున్నాను, తోడు అయిపోతే ఇంట్లో పెరుగుండదన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు. పిన్నిగారిని అడగాలి. రాత్రి ఎనిమిదైంది. పెద్దావిడ, పైగా కరోనా రోజులు. అరగంట మొహమాటపడ్డాను. చివరికి గోడ దగ్గరికి వెళ్లి పిలిచాను.

ఆవిడ చిన్న గిన్నెలో గరిటెడు పెరుగు తెచ్చి పెట్టి అన్నారు: “ఇన్నాళ్లకి నువ్వొకటి అడిగావు. నా బీపీ మాత్రలు నిండుకున్నాయి నాయనా. నిన్నడగనా వద్దా అని వారం నుంచి చూస్తున్నాను.”

వారం! ఆవిడ మాత్రలు లేకుండా గోడ అవతల, నేను ఎవరూ లేరనుకుంటూ గోడ ఇవతల. నేను ముందే నోరు తెరిచి ఏదైనా అడిగి ఉంటే ఆవిడా అడిగేవారు. సాయం అడిగితే చులకనైపోతామని మనం అనుకుంటాం. నిజానికి మనం ఒకటి అడిగితే అవతలివాళ్లకీ అడిగే దారి దొరుకుతుంది. పాలు పెరుగు కావాలన్నా, మనిషి కుదుటపడాలన్నా కావలసినదాన్ని మన భాష ఒకే మాటతో పిలిచింది: తోడు. మర్నాడు పొద్దున మందుల కొట్టుకి నేనే వెళ్లాను. తర్వాత లాక్‌డౌన్ ఎత్తేసేదాకా ఆ పని నాదే.

గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కొడుకుది ఇంకో రకం కష్టం. ఒంటి గదిలో ఉంటాడు. అందరికీ సెలవే గానీ బ్యాంకులకి లేదు. అతను తినే మెస్, రోజూ కూరలు కొనుక్కునే కర్రీ పాయింట్ రెండూ మూతపడ్డాయి. పదిమందితో మసిలే ఉద్యోగమని ఇంటివాళ్లు వెనక గేటు నుంచి రమ్మన్నారు. ఎదురు చెప్పలేడు. ఆ కోపమంతా రాత్రి ఫోన్‌లో వాళ్లమ్మ మీద చూపించేవాడు. పెట్టేశాక బాధపడేవాడు. “బాబాయ్, ఎవరి మీదో కోపం ఎవరి మీదో తీస్తున్నాను” అన్నాడొక రోజు. నేనొకటే చెప్పాను. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మళ్లీ చేసి “అమ్మా, నీ మీద కాదు” అను, తెల్లారేదాకా ఉంచకు అని. ఇంకోటి అతనే కనిపెట్టాడు: క్యారేజీ. రాత్రి గదిలో తనకోసం వండుకోవాలంటే బద్ధకం, కానీ పొద్దున క్యారేజీ కట్టుకోవాలంటే వండక తప్పదు. అన్నం, పప్పు, ఒక వేపుడు. మూత తీసేది పదిమంది మధ్య కాబట్టి కాస్త శ్రద్ధగా చేసేవాడు. ఒంటరిగా ఉండే కుర్రాళ్లకీ అమ్మాయిలకీ నేనిప్పటికీ ఈ సలహా ఇస్తాను. ఆఫీసు ఇంట్లోనే ఉన్నా సరే, పొద్దున్నే డబ్బాలో సర్దుకోండి. మధ్యాహ్నం ఒకటింటికి మూత తీయండి.

అంతరిక్ష కేంద్రంలో ఏకబిగిన 340 రోజులున్న అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ, 2020 మార్చిలో ఇళ్లలో చిక్కుకుపోయినవాళ్ల కోసం ఒక వ్యాసం రాశారు. ఆయన మొదట చెప్పింది, రోజుకి ఒక వేళాపాళా పెట్టుకొమ్మని. పిన్నిగారు ఆ వ్యాసం చదవలేదు. కానీ రోజూ ఆరింటికల్లా వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేవారు. చిన్నది కాదు, నిండా చుక్కలు పెట్టి గీసే ముగ్గు. వీధిలో పాల ప్యాకెట్ల కుర్రాడూ, జ్వరం దగ్గు ఉన్నాయా అని రాసుకుపోయే వాలంటీరూ తప్ప తిరిగే మనిషి లేడు. ఎవరి కోసం పిన్నిగారూ అని అడిగాను.

ఆవిడ పుట్టిల్లూ అత్తిల్లూ దివిసీమలోనే, కోడూరు వైపు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దాదాపు పదివేల మందిని పొట్టనపెట్టుకుంది. ఆవిడ బతికి బయటపడ్డవాళ్లలో ఒకరు.

“ఉప్పెనకి ఇల్లు పోయింది, గొడ్డూ గోదా పోయాయి. కానీ పక్కన మనుషులున్నారు. ఒకళ్లనొకళ్లం పట్టుకుని ఏడ్చాం. ఇప్పుడు ఇల్లుంది, బియ్యం ఉన్నాయి, ఫ్రిజ్జుంది. పట్టుకోడానికే మనిషి లేడు. అందుకని ముగ్గేస్తున్నాను నాయనా. దారిన పోయే ఒక్కడైనా చూసి, ఈ ఇంట్లో మనిషుంది అనుకోవాలిగా.”

వ్యక్తిత్వ వికాసం మీద నేను చాలా పుస్తకాలు చదివాను. ఈ మాటకి సాటివచ్చేది ఏదీ నాకు కనబడలేదు.

ముగ్గుతో, డైరీతో, క్యారేజీతో తీరని దిగులు కూడా ఉంటుంది. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా అది చిరాకు కాదు, వైద్యం కావలసిన సంగతి. ఇప్పుడు 14416 నంబరుకి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బీపీ మాత్ర కోసం అడిగినట్టే ఇదీ అడగాలి.

మనకి లాక్‌డౌన్ ఎప్పుడో ఎత్తేశారు. కానీ గుడివాడ చుట్టుపక్కలా, చల్లపల్లిలో, అవనిగడ్డలో, నాగాయలంకలో, మా బందరులో ఎన్ని ఇళ్లు చూపించను! పెద్ద మేడ, గేటుకి లోపల్నుంచి తాళం, లోపల ఒక తల్లో తండ్రో. పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, హైదరాబాద్‌లోనో. వాళ్ల లాక్‌డౌన్ ఇంకా అలాగే నడుస్తోంది. దూరంలో ఉన్న పిల్లలు రోజూ ఫోన్ చేసి “తిన్నావా అమ్మా?” అంటారు. “ఆ, తిన్నాను” అని జవాబొస్తుంది. ఆ జవాబులో ఏ సమాచారమూ ఉండదు. నేను బిస్కట్లు తిన్న రోజుల్లోనూ మా ఆవిడకి అదే చెప్పాను.

ఈ సాయంత్రం ఫోన్ చేసినప్పుడు “ఏం వండావు?” అని అడగండి. “ఒక్కదానికే కదా, ఏం వండుకుంటాను” అనే మాట వినబడితే మాత్రం ఫోన్ వెంటనే పెట్టేయకండి.