ప్రయోగం ఎవరు చేయగలరు? – ధర్మవరం వకీలు, సురభి కుటుంబం

ధర్మవరం అనగానే మనకు పట్టుచీరలు, రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి. కానీ 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టింది కూడా అక్కడే. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో విడిపోయేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆయన వకీలుగా స్థిరపడిందీ బళ్లారిలోనే. 1886లో అక్కడ సరసవినోదిని సభ పెట్టి, తను రాసిన నాటకాలు ఆడించారు, స్వయంగా వేషమూ కట్టారు.

ఆయన ప్రయోగాల్లో రెండు ముఖ్యం.

1. పాట: 'చిత్రనళీయం'లో సంభాషణల మధ్య పాటలు, పద్యాలు పెట్టారు. ఇవాళ మనం మ్యూజికల్ అంటున్నదానికి ఇది దగ్గరి చుట్టమే.

2. ముగింపు: సంస్కృత నాటక సంప్రదాయంలో కథ శుభంగా ముగియాలి. సారంగధరుడి మీద సవతి తల్లి చిత్రాంగి నింద వేస్తుంది. తండ్రి రాజరాజ నరేంద్రుడు విచారణ లేకుండా కాళ్లూ చేతులూ నరికిస్తాడు. పాత కథలో సిద్ధుడి దయతో అవి తిరిగొస్తాయి. ఆచార్యులు మాత్రం 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీన్నే చెబుతారు. కాళ్లూ చేతులూ తిరిగొస్తే రాజు తప్పు మాఫీ అయిపోతుంది. రాకపోతే, తొందరపాటు తీర్పుకు దిద్దుబాటు ఉండదన్న బాధతో ప్రేక్షకుడు ఇంటికెళ్తాడు. రాసింది ఒక వకీలు అని గుర్తుంచుకోండి!

అయితే ఇక్కడో చిక్కుంది. నాటకం జనానికి నచ్చకపోయినా వకీలు ఇల్లు గడుస్తుంది. మరి నాటకమే కూడు పెట్టాల్సినవాళ్ల సంగతేంటి?

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి సమాజం అలాంటిదే. ఇంటిల్లిపాదీ నటులే, ఆడవేషాలు ఆడవాళ్లే వేస్తారు. జనం టికెట్ కొనేది 'మాయాబజార్' లాంటి పౌరాణికాలకు, వాటిలోని ట్రిక్ సీన్లకు. అయినా అదే సురభి నటులు 1990లలో బి.వి. కారంత్ దర్శకత్వంలో జర్మన్ రచయిత బ్రెక్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడారు. మంచితనంతో బతకడం సాధ్యమేనా అన్నది ఆ నాటకం అడిగే ప్రశ్న. టికెట్ డబ్బుల మీద బతికే కుటుంబానికి అది పరాయి ప్రశ్నేం కాదు.

అంటే వెసులుబాటు ఉన్నవాళ్లే ప్రయోగాలు చేస్తారన్నది పూర్తి నిజం కాదు. వెసులుబాటు లేనివాళ్లూ చేశారు.

ఇక మన సంగతి. కాలేజీ ఫెస్ట్‌లో మనకు టికెట్ల భయం లేదు, ఇల్లు గడవాలన్న బెంగా లేదు. మరి ప్రతి ఏడాదీ గ్యారంటీగా నవ్వు పుట్టించే స్కిట్టే ఎందుకు వేస్తున్నాం?