మరుభూమిలో ఒక బిలము, అందులో ఒక చేప

ఢిల్లీ నగరమునకు వచ్చు తెలుగువారిలో అశోకా రోడ్డున ఆంధ్రభవన్‌లో ఒక పూటయైనను భోజనము చేయనివారు అరుదు. అచ్చటనుండి కొద్ది దూరమున, హేలీ రోడ్డు ప్రక్క సందులో, అగ్రసేన్ కీ బావలీ అను పురాతనపు దిగుడుబావి యున్నది. నూరు మెట్లకు పైగా దిగినగాని దాని అడుగు చేరలేము. నేడు యువజనులు ఫోటోలు తీసికొనుటకు ఆ మెట్లమీద కూర్చుందురు. మెట్లు మిగిలియున్నవి గాని, ఏ నీటికొరకు అవి కట్టబడెనో ఆ నీరు మునుపటి మట్టమున లేదు.

నేల క్రింది నీరు కొన్ని అడుగులు తగ్గినయెడల ఏమగును? అనంతపురము రైతు నడిగినచో వెంటనే చెప్పును: మరియొక బోరు వేయవలెను, మరికొంత అప్పు చేయవలెను. అమెరికాలో ఒక మరుభూమియందు ఇదే ప్రశ్న దేశపు సుప్రీముకోర్టువరకు వెళ్ళెను. అచ్చట ఒకవైపు రైతు, మరియొకవైపు అంగుళము పొడవైన చేప.

నెవాడా రాష్ట్రమున అమర్గోసా ఎడారిలో, సున్నపురాతి కొండ ప్రక్కను, డెవిల్స్ హోల్ అను బిలమున్నది. పైనుండి చూచువానికి అది రాతిలో ఒక చీలికవలె తోచును. లోపల నీరు; ఆ నీటి అడుగును ఇంతవరకు ఎవరును చూడలేదు. ఈతగాండ్రు 130 మీటర్లకు పైగా దిగియు నేల కానక తిరిగివచ్చిరి. ఏడాది పొడవునను ఆ నీరు 33 డిగ్రీల వెచ్చదనము కలిగియుండును. ప్రాణవాయువు అందులో మిక్కిలి స్వల్పము. శీతకాలములో కొన్ని వారములపాటు సూర్యకాంతి నేరుగా దానిమీద పడనే పడదు. బిలము వాకిట, నీటికి కొంచెము దిగువను, చిన్న గది నేలయంత రాతి అరుగు ఒకటి కలదు. నాచు పెరుగునది దానిమీదనే. చేపలు మేయునదియు, గ్రుడ్లు పెట్టునదియు దానిమీదనే. వెన్నెముక గల ఒక ప్రాణిజాతి అంతయు ప్రకృతిలో ఇంత చిన్న చోట ఆధారపడి బ్రదుకుట మరెక్కడను కానరాదు.

ఆ చేప నీలివన్నె గలది; దాని పొత్తికడుపు రెక్కలు లోపించినవి; ఆయుష్షు సుమారు ఒక సంవత్సరము. దీని బంధువర్గమునకు ఆంగ్లమున కుక్కపిల్ల చేపలని పేరు, అవి ఒకదానినొకటి తరుముచు ఆడునట్లు కనబడును గనుక. 1930లో జోసెఫ్ వేల్స్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించి, బిలము పేరునుబట్టి ‘సిప్రినోడాన్ డయాబోలిస్’ అని నామకరణము చేసెను. ఆ రెండవ మాట, మన తెలుగు బైబిలులో ‘అపవాది’ అని తర్జుమా చేయబడిన గ్రీకు మాటనుండి వచ్చినదే. ఎవరిమీదను నేరము మోపనేరని ఈ అల్పజీవికి అంతకంటె పొసగని పేరు దొరకుట కష్టము.

1952లో అధ్యక్షుడైన ట్రూమన్ ఆ బిలమును, దాని చుట్టునున్న 40 ఎకరములను, డెత్ వ్యాలీ జాతీయ స్మారక భూమిలో చేర్చెను. కంచె వేయబడెను గాని నీటికి కంచె ఎవరు వేయగలరు? 1968లో రెండున్నర మైళ్ళ దూరమున, కాపర్టు కుటుంబమువారి వ్యవసాయ క్షేత్రములో లోతైన బావులు నీరు తోడ మొదలిడెను. అది 12,000 ఎకరముల క్షేత్రము. గడ్డి, గోధుమ, బార్లీ పండించుచు పశువులను మేపుచుండిరి. ఎనుబదిమందికి పైగా అచ్చట కూలి దొరకుచుండెను. ఆ కుటుంబమువారు దుర్మార్గులని చెప్పుట న్యాయము కాదు. తమ నేలలో తమ బావి త్రవ్వుకొనిరి. మన రైతు చేయునదియు అదియే.

బిలములో నీటిమట్టము కొలుచుటకు రాతిగోడకు ఒక రాగి బిళ్ళ బిగింపబడియుండెను. బావులకు పూర్వము నీరు ఆ గురుతునకు 1.2 అడుగుల దిగువన నిలిచెడిది. 1972 నాటికి 3.93 అడుగులకు జారెను. మూడడుగులు దాటినంతనే రాతి అరుగు గాలికి బయటపడసాగెను. ఆ దినములలో నెవాడా వాహనములమీద రెండు విధములైన చీటీలు కనబడెడివి: కొన్నింటిమీద ఆ చేపను కాపాడుడనియు, కొన్నింటిమీద దానిని చంపుడనియు. ప్రభుత్వము దావా వేసెను. 1976 జూన్ 7న సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను: ప్రభుత్వము ఒక స్థలమును ఒక ఉద్దేశముకొరకు ప్రత్యేకించినప్పుడు, ఆ ఉద్దేశము నెరవేరుటకు చాలినంత నీటిని కూడ ప్రత్యేకించినట్లే, అంతకు మించి కాదు. బావులు పూర్తిగా మూయబడలేదు. అరుగు మునిగియుండునంతవరకే తోడవలెనని హద్దు పెట్టబడెను. ఈ సూత్రమునకు మూలము 1908 నాటి వింటర్స్ తీర్పు. ఆదివాసుల కొరకు ప్రత్యేకింపబడిన భూమికి సాగునీటి హక్కు కూడ కలదని అది నిర్ణయించెను. పేదవారి పొలమునకై పలుకబడిన మాట చేపకును నీడయైనది.

ఆదికాండము రెండవ అధ్యాయమున మొదటి మనుష్యునికి అప్పగింపబడిన పనిని హెబ్రీ మూలము రెండు క్రియలతో తెలుపుచున్నది: ఆవద్, షామర్. మొదటిదానికి సేద్యము చేయుట అనియు, సేవించుట అనియు అర్థము; రెండవది కావలి కాచుట. మన ప్రసంగములలో మొదటి అధ్యాయపు ఏలుబడి వినబడినంతగా ఈ రెండు వినబడవు. సేద్యము, కావలి ఒకే మనుష్యుని చేతికి ఈయబడినవి. నెవాడా వ్యాజ్యములో అవి వాది ప్రతివాదులుగా నిలిచెను. మన రాష్ట్రమునను 2002లో నీరు, భూమి, వృక్షముల చట్టము వచ్చెను. బోరు వేయుటకు ముందు అనుమతి పొందవలెనని అది చెప్పును. ఆ చట్టము ప్రతి ఊరిలోను ఎట్లు పాటింపబడుచున్నదో చదువరులు తమ ఊరిని చూచియే తీర్మానించుకొనవచ్చును.

మనకు దగ్గరలోనే, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్పూరు సమీపమున, కాంగేర్ లోయలో కొటుంసర్ గుహ కలదు. అచ్చటి చీకటి మడుగులలో ఉలసజాతి చేపలు జీవించుచున్నవి. తరతరములుగా వెలుగు లేనందున వాటి కన్నులు క్షీణించినవి, వన్నె వెలిసినది. వాటి బంధువులు బయటి వాగులలో కన్నులతోనే తిరుగుచున్నవి. వర్షకాలములో గుహ వరదతో నిండును. కాంగేరు నీరు శబరిలో కలిసి, శబరి కూనవరము దగ్గర గోదావరిలో కలియును. ఆ గుడ్డి చేపకును గోదావరి తీరవాసికిని నీటి చుట్టరికము కలదన్నమాట.

నెవాడా చేపకు కోర్టు తీర్పుతో కష్టములు తీరలేదు. 2013 వసంతమున లెక్కించగా 35 మాత్రమే మిగిలియుండెను. 2016లో ముగ్గురు మనుష్యులు త్రాగి కంచె దూకి నీటిలో దిగగా ఒక చేప చచ్చెను. వారిలో ఒకనికి కారాగారశిక్ష పడెను. వేరొకచోట పెంచుటకు చేసిన తొలి ప్రయత్నములును సరిగా ఫలింపలేదు. హూవర్ ఆనకట్ట దగ్గర తొట్టిలో ఉంచిన చేపలు కొన్ని తరములలోనే పెద్దవై ఆకారము మార్చుకొనెను. పిమ్మట అరుగును, వేడిమిని, వెలుగును యథాతథముగా అనుకరించి లక్ష గ్యాలనుల తొట్టి నొకటి నిర్మించిరి. శీతకాలపు గ్రుడ్లు బిలములో సాధారణముగా బ్రదుకవు గనుక వాటిని తెచ్చి అచ్చట పొదిగించిరి. ఆ తొట్టిలోనికి బిలమునందలి చిన్న పురుగు కూడ చేరి పిల్లలను తినుచుండెనని తరువాత గాని తెలియలేదు.

2024 వసంతమున బిలములో 191 చేపలు లెక్కకు వచ్చెను. ఆ డిసెంబరులోను, 2025 ఫిబ్రవరిలోను దూరప్రాంతములలో భూమి కంపింపగా ఈ గుంటలోని నీరు అలలుగా లేచి అరుగుమీది నాచును, గ్రుడ్లను ఊడ్చివేసెను. వసంతమున లెక్కించినప్పుడు 38 కనబడెను. కాపలాదారులు మేత వేయ మొదలిడి, తొట్టిలో పెరిగిన చేపలలో 19ని తెచ్చి బిలములో విడిచిరి. ఏటేట వసంతమునను శరత్కాలమునను ఈతగాండ్రు లోతునుండి పైకి వచ్చుచు ఒక్కొక్క చేపను లెక్కింతురు. అదే సమయమున మరికొందరు అరుగుపైని వేదికమీద బోర్ల పరుండి, చేపలు కదలు నీటివంక చూచుచు లెక్క వ్రాసికొందురు.