అనిమే సబ్‌టైటిల్ పాఠం: మొదటి విద్యార్థి మీరే



8, 9 తరగతుల పిల్లలున్న ఇళ్ళలో అనిమే గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' మన థియేటర్లకు తెలుగు మాటలతోనూ వచ్చింది. కొందరు పిల్లలు చూడడంతో ఆగరు. సబ్‌టైటిల్స్ తామే రాస్తామంటారు, వీడియో ఎన్‌కోడ్ చేస్తామంటారు, అదెలాగో కొత్తవాళ్ళకు చెబుతూ ట్యుటోరియల్ తీస్తామంటారు. "పరీక్షలు పెట్టుకుని ఇదేం పని?" అనడం సులువే. అనే ముందు ఆ పనిలో ఏముందో చూద్దాం. ఈ మూడింటిలో చదువుకు బాగా అక్కరకొచ్చేది చివరిది, అంటే పాఠం చెప్పడం. అందులో మీకూ ఒక పని ఉంది.

ముందు భాష సంగతి. జపనీస్ సినిమాల్లో ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు "ఇత్తే కిమాసు" అంటారు. మాటకు మాట అర్థం "వెళ్ళి వస్తాను". ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో అది చాలాసార్లు "అయామ్ ఆఫ్" అయిపోతుంది. దాన్ని చూసి పిల్లవాడు "నేను వెళ్తున్నాను" అని రాస్తే, గుమ్మం దగ్గర మనమెవరం అనని మాట రాసినట్టే. "వెళ్ళొస్తా" అని రాస్తే అటు జపాను, ఇటు మన ఇల్లు రెండూ కుదురుతాయి. "ఒనీచాన్" కూడా అంతే. ఇంగ్లీషులో అక్కడ తరచుగా పేరు పెట్టేస్తారు. మనకు "అన్నయ్యా" సిద్ధంగా ఉంది. ఇంగ్లీషు "యూ" కనబడిన ప్రతిచోటా నువ్వా, మీరా అని తేల్చుకోవాలి. ఆ పాత్రలో ఎవరు పెద్ద, ఎవరికి ఎవరిమీద కోపం అన్నది తెలిస్తేనే అది తేలుతుంది. జపనీస్‌లో క్రియ తెలుగులో లాగే వాక్యం చివర వస్తుంది. కాబట్టి మధ్యలో ఇంగ్లీషు చేసిన తలకిందుల్ని సరిదిద్దడమే సగం పని. తెలుగు పీరియడ్‌లో వ్యాసం రాయమంటే మొహం చాటేసే పిల్లలు కూడా ఇక్కడ ఒక్క మాట కోసం పావుగంట వాదిస్తారు.

తర్వాత కొలత. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌కు నెట్‌ఫ్లిక్స్ పెట్టుకున్న నియమం: వరుసకు 42 అక్షరాలు, రెండు వరుసలు, ఎక్కువలో ఎక్కువ 7 సెకన్లు. తెలుగుకు ఆ లెక్క యథాతథంగా అతకదు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరమే. కంప్యూటర్ మాత్రం ఒత్తులు, గుడి విడగొట్టి ఆరుగా లెక్కేస్తుంది. పైగా తెలుగు ఒత్తులు వరుస కిందికి దిగుతాయి, రెండు వరుసలు ఇరుక్కుంటాయి. అందుకే పైకి చదువుతూ చూసుకోవడమే మంచి కొలత: పాత్ర మాట ముగించేలోపు మీరు చదవడం ముగించాలి.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మొదటి పాఠం నోట్‌ప్యాడ్‌తోనే చేయవచ్చు. ఎస్‌ఆర్‌టి ఫైల్‌లో ఒక్కో మాట ఇలా ఉంటుంది:

1
00:00:12,500 --> 00:00:15,000
వెళ్ళొస్తా!

వరుస సంఖ్య, మొదలు-ముగింపు సమయం, మాట. తర్వాత ఒక ఖాళీ వరుస, ఆపైన రెండో మాట. కామా తర్వాతి మూడంకెలు సెకనులో వెయ్యో వంతులు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యుటిఎఫ్-8 ఉండాలి. లేకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లలో టైప్ చేసినా పని జరగదు, యూనికోడ్ తెలుగే కావాలి. ఫైల్‌కు వీడియో పేరే పెట్టి, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచితే విఎల్‌సి ప్లేయర్ తనంతట తానే చూపిస్తుంది. ఇది చేతికొచ్చాక ఏజిసబ్‌కు వెళ్ళవచ్చు. అది ఉచితం, మాట ఎక్కడ మొదలైందో శబ్దతరంగం మీదే కనిపిస్తుంది.

ఎన్‌కోడింగ్ అంటే వీడియోను కుదించడం. ఫుల్ హెచ్‌డి చిత్రంలో 1920 × 1080 చుక్కలు, చుక్కకు 3 బైట్లు, సెకనుకు 24 చిత్రాలు. గుణిస్తే సెకనుకు దాదాపు 15 కోట్ల బైట్లు, నిమిషానికి 9 జీబీ! ఈ గుణకారం మీ పిల్లల చేత చేయించండి. ఎన్‌కోడర్ ప్రతి చిత్రాన్నీ పూర్తిగా దాచదు, ముందుదానికీ దీనికీ మధ్య మారినదాన్నే ప్రధానంగా రాసుకుంటుంది. అనిమేలో వెనక దృశ్యం కదలకుండా పాత్ర నోరు మాత్రమే కదిలే చోట్లు ఎక్కువ, కాబట్టి బాగా కుదురుతుంది. సాయంత్రపు ఆకాశంలాంటి రంగులు మాత్రం పట్టీలు పట్టీలుగా విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒక నిమిషం క్లిప్‌ను ఆర్‌ఎఫ్ 18, 22, 30 దగ్గర మూడుసార్లు కుదించి, ఫైల్ సైజులు ఒక పట్టికలో రాసి, మూడూ పక్కపక్కన చూడమనండి. సంఖ్య పెరిగేకొద్దీ ఫైల్ చిన్నదవుతుంది, బొమ్మ పాడవుతుంది. అసలు ఫైల్‌ను మాత్రం చెరపకూడదు. కుదించినదాన్నే మళ్ళీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది.

ఇక ట్యుటోరియల్. ఇంటర్నెట్‌లో దొరికే చాలా పాఠాలు తెలిసినవాళ్ళకే అర్థమవుతాయి. చెప్పేవాడు "ఇక్కడ నొక్కండి" అంటాడు. ఎక్కడ? బాణం గుర్తు ఫోన్ తెరమీద చీమంత కూడా కనబడదు. మీ అమ్మాయి లేదా అబ్బాయి వీడియో తీశాక మీరు, లేదా అమ్మమ్మగారు, కంప్యూటర్ ముందు కూర్చుని అందులో చెప్పినట్టు చేయండి. పిల్లల చెయ్యి మౌస్ మీదికి రాకూడదు, మాట సాయం కూడా వద్దు. మీరు ఆగిపోయిన ప్రతి చోటూ వాళ్ళు మళ్ళీ చెప్పాల్సిన చోటే. మీకు తెలిసినా తెలియనట్టు నటించకండి, తెలియకపోతే తెలిసినట్టు తల ఊపకండి. అయిదు నిమిషాల వీడియోకు ఒక్క పని చాలు: "రెండు మాటలకు సమయం పెట్టడం" ఒకటి, "తెలుగు ఫాంట్ సరిచేయడం" ఇంకొకటి. ఏం చెప్పబోతున్నారో ముందు కాగితం మీద రాసుకోమనండి. ఆ కాగితం తెచ్చి చూపిస్తేనే రికార్డింగ్ అన్న నియమం పెడితే కంప్యూటర్ గంటలు కూడా తగ్గుతాయి.

ఏ క్లిప్ వాడాలి అన్నది మీరు గట్టిగా ఉండాల్సిన విషయం. 1980లలో అమెరికాలో అభిమానులు వీడియో క్యాసెట్లకు సబ్‌టైటిల్స్ వేసి పంచుకోవడంతో ఈ అలవాటు మొదలైంది. అభిమానం నిజమే కానీ హక్కులు వాళ్ళవి కావు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువదించే హక్కు కూడా మూల రచన హక్కుదారుదే. ఓటీటీ తాళాలు తప్పించి ఎపిసోడ్లు దించడం, టెలిగ్రామ్‌లో వచ్చినవి వాడడం వద్దు. బ్లెండర్ ఫౌండేషన్ 2010లో విడుదల చేసిన 'సింటెల్' యానిమేషన్ చిత్రం ఉంది, దాదాపు 15 నిమిషాలు. అనిమే కాదు గానీ సంభాషణలున్నాయి, పేరు చెప్పి వాడుకోవడానికి, అనువదించడానికి అనుమతి ఉంది. కత్తియుద్ధం, నెత్తురు కనిపిస్తాయి కాబట్టి ముందు మీరు చూడండి. లేదా పిల్లలు తామే గీసి, ఫోన్‌తో ఫొటోలు తీసి కలిపిన పది సెకన్ల బొమ్మ అయినా సరిపోతుంది.

తెర రికార్డ్ చేయడానికి ఓబీఎస్ స్టూడియో ఉచితం. రికార్డింగ్‌కు ముందు వాట్సాప్ వెబ్, మెయిల్ మూసేయండి. తెరమీద వచ్చే మెసేజీలు, ఓటీపీలు వీడియోలో పడతాయి. పిల్లల ముఖం, పూర్తి పేరు, స్కూలు పేరు పాఠానికి అవసరం లేదు, గొంతు చాలు. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే మీ ఖాతాలో, 'అన్‌లిస్టెడ్'గా పెట్టి, లింకు తరగతి స్నేహితులకు మాత్రం పంపండి.