చక్కెర మిల్లు మడ్డిని ఎరువుగా మార్చు విధము

మనము మిల్లుకు చెరకు తోలి ఖాళీ బండితో ఇల్లు చేరుచున్నాము. మిల్లు దొడ్డిలోని నల్లని మడ్డి కుప్పలను అందఱును చూచియే యున్నారు. చెరకు రసమునకు సున్నము చేర్చి, గంధకపు పొగ పట్టించి కాచినప్పుడు దిగిన మలినమును వడపోయగా మిగులునదే ఈ మడ్డి. మిల్లువారు దీనిని ప్రెస్‌మడ్ అందురు. 100 టన్నుల చెరకు ఆడినచో 3, 4 టన్నుల మడ్డి వచ్చును. చెరకు మన పొలమునుండి తీసికొనిపోయిన భాస్వరములో మంచి పాలు ఇందు నిలుచును. పొటాషు మాత్రము మొలాసిస్‌తో పోవును.

మేము చేసిన తప్పును ముందుగా చెప్పవలసియున్నది. ఉద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో ఒక చిన్న రైతునకు, మిల్లునుండి వచ్చిన మడ్డిని వచ్చినట్లే వంగ నారుమడిలో వేయుమని చెప్పితిమి. పది దినములలో నారు పసుపువాఱి, వేళ్లు కమిలి, సగము చచ్చినది. ఆయన మమ్ము నిందింపలేదు. మఱల వెళ్లినప్పుడు మాత్రము "మడ్డి మాట తప్ప ఇంకేదైనా చెప్పండి బాబూ" అనెను.

పచ్చి మడ్డిలో పీచు, మైనము, కొంత చక్కెర మిగిలియుండును. అవి కుళ్లునప్పుడు వేడి పుట్టును. కుళ్లించు సూక్ష్మజీవులు తమకు వలసిన నత్రజనిని మంటినుండియే లాగికొనును. అంతవఱకు పైరునకు పస్తే.

కావున మడ్డిని మాగవేయవలెను. నీరు నిలువని మెరకపై, చెట్టునీడను, 6 అడుగుల వెడల్పున జానెడు మందము చెరకు చెత్త పఱచి, పైని బెత్తెడు మడ్డి వేసి, పేడనీళ్లు చల్లవలెను. ఇట్లే వరుసలు పేర్చి 4 అడుగుల ఎత్తున ఆపవలెను. పిడికిట పట్టి పిండినచో ముద్ద కట్టవలెను గాని నీరు కాఱరాదు. కుప్పలో గునపము గ్రుచ్చి, కొంతసేపటికి తీసి చేతితో తాకి చూడుడు; చుఱుక్కుమన్నచో పని జరుగుచున్నదన్నమాట. 15 దినముల కొకసారి తిరుగవేయుట కష్టమే. కాని అది మానినవారి కుప్ప నడుమ పచ్చిగానే యుండును. ఇంచుమించు 3 నెలలకు వేడి తగ్గి, తొలకరి మంటి వాసన వచ్చును. ఆల్బర్ట్ హోవర్డు, యశ్వంత్ వాడ్ అనువారు ఇండోరులో సాధించి 1931లో గ్రంథముగా ప్రకటించిన కంపోస్టు పద్ధతికి ఇది దగ్గఱిది.

మాగిన ఎరువును ఎకరమునకు 4, 5 టన్నుల చొప్పున చివరి దుక్కిలో కలియదున్నవలెను. పొటాషు కొఱకు కట్టెబూడిదను పొలముననే వేఱుగా చల్లుడు. కుప్పలో కలిపినచో పేడలోని నత్రజని ఆవిరియై పోవును. గంధకమునకు బదులు బొగ్గుపులుసు వాయువుతో రసమును శుద్ధిచేయు మిల్లుల మడ్డిలో సున్నము మిక్కుటము. అది సున్నపు నేలలకు తగదు. ఏ మిల్లు మడ్డియో అడిగి తెలిసికొనిన పిమ్మటనే తోలుకొనుడు.

ఒక్కొక్కరు ఒక్కొక్క బండి తెచ్చుట కంటె సంఘము ద్వారా లారీతో తెప్పించుట చౌక. నాటి విశాఖపట్టణము జిల్లాలోని ఏటికొప్పాక రైతులు 1933లోనే సహకార పద్ధతిని చక్కెర మిల్లునే నెలకొల్పుకొనిరి. మనకు మడ్డి తెచ్చుకొనుట అసాధ్యము కాదు.

మాగినదో లేదో యని సందేహమున్నవారు, మడ్డిని సగము మంటితో కలిపి కుండపెంకున పోసి, పది జొన్నగింజలు నాటవలెను. వారములో మొలకలు పచ్చగా లేచినచో పొలమునకు తోలవచ్చును. ఆ వంగతోట రైతు ఇప్పుడు ఈ పరీక్ష చేయనిదే బండి కట్టడు.