సంచిలో కారం, చేతిలో కొడవలి: చట్టం ఏమంటుంది?

పొదిలి చుట్టుపక్కల మిరప కోతలకు, పత్తి తీతలకు చీకటితోనే ఆటో ఎక్కే ఆడవాళ్ళ సందేహాలివి.

కారం పొట్లం, పెప్పర్ స్ప్రే దగ్గర పెట్టుకోవచ్చా?
పెట్టుకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు.

కొడవలి, కర్ర?
సేద్యానికి, ఇంటి పనికి మాత్రమే చేసిన పనిముట్లను 1959 ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కించదు. తుపాకీకి మాత్రం లైసెన్సు ఉండాల్సిందే.

ముందు దెబ్బ తిన్నాకే తిరగబడాలా?
అక్కర్లేదు. ఒంటికి ప్రమాదం వస్తుందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే ఆత్మరక్షణ హక్కు మొదలవుతుంది. చావు, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి ముంచుకొచ్చినప్పుడు ఎదురుదెబ్బకు అవతలివాడు చనిపోయినా అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ చెబుతోంది. యాసిడ్ దాడిని పాత ఐపీసీలోని ఇదే జాబితాలో చేర్చింది 2013లోనే.

కొట్టేది మొగుడైతే?
ప్రాణం తీసేలా, ఎముకలు విరిగేలా మీదపడితే ఎవరినైనా ఎదుర్కోవచ్చు. 2005 గృహ హింస చట్టం కింద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు కూడా పొందవచ్చు.

మనవాళ్ళు ఇలా తిరగబడ్డారా?
తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళు రజాకార్లను కారంతో, రోకళ్ళతో ఎదిరించారు. మల్లు స్వరాజ్యం తుపాకీయే పట్టారు. మనకు దగ్గరిది నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి సారా వ్యతిరేక పోరాటం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి కూడా ఆ జిల్లాలోదే. 1992లో ఆ ఊరి రోశమ్మ, ఆమె వెంట కూలి ఆడవాళ్ళు చీపుర్లు, కారం పట్టుకుని సారా కొట్ల మీదికి నడిచారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగొచ్చి కొట్టే చేతుల నుంచి ఇంటిని కాపాడుకున్న ఆ పోరాటం నా దృష్టిలో ఆత్మరక్షణే.

ఎక్కడ ఆగాలి?
ప్రమాదం తప్పగానే. పారిపోతున్నవాణ్ణి తరిమి కొడితే అది ఆత్మరక్షణ కాదు, పగ. అవసరానికి మించి గాయపరచినా, పోలీసుల సాయం అందే వ్యవధి ఉన్నా చట్టం అండగా నిలవదు.

తిరిగి నా మీదే కేసు పెడితే?
ఆత్మరక్షణ కోసమే కొట్టానని మీరే చూపించాలి. అయితే ఎదుటిపక్షంలాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండొచ్చని కోర్టుకు నమ్మకం కుదిరితే చాలు. అందుకే చిరిగిన బట్టలు ఉతకకండి, గాయాలను ఆసుపత్రిలో రాయించండి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇచ్చి జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు. అన్నిటికంటే ముందు 112కు ఫోన్ చేయండి.